రావులదిన్నెలో చలికాలం టైర్లు

రావులదిన్నెలో చలికాలమంటే పుష్యమాసంలో నాలుగైదు తెల్లవారుజాములు. పాలు పోయించుకోవడానికి గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్ళు చెంగు తలమీదుగా కప్పుకుంటారు. మగవాళ్ళు పెట్టెలోంచి మఫ్లరు తీసి, దానికి పట్టిన కలరా ఉండల వాసన చూసి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేస్తారు. అంతటితో చలికాలం అయిపోతుంది. మిగతాదంతా ఎండే. ఊరి చుట్టూ ఉన్న రాతి క్వారీలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి.

అటువంటి ఊళ్ళో చలికాలం టైర్లు తప్పనిసరి ఎలా అయ్యాయో ముందు చెప్పుకోవాలి.

ఆ నాలుగైదు తెల్లవారుజాముల్లో ఒకనాడు బైపాసు మీద ఆగి ఉన్న లారీని ఒక చిన్న కారు వెనకనుంచి గుద్దింది. కారులో ఉన్నాయన ఒక శాఖలో పెద్ద అధికారి. ఆయన నుదుటి మీద బొప్పి కట్టింది. అదే ఏ సామాన్యుడి బొప్పో అయితే పసుపు రాసి ఊరుకునేవారు. అధికారిది కనుక నివేదిక అడిగారు. స్థానిక సిబ్బంది ఉన్నదున్నట్టే రాశారు: "దట్టమైన మంచు కారణంగా చిన్న కారు ప్రమాదానికి గురైనది."

ఆ నివేదిక రాజధానికి వెళ్ళింది. అక్కడ దాన్ని ఇంగ్లీషులో పెట్టారు. తెలుగులో మంచుది ఉమ్మడి కుటుంబం. పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డును కమ్మేసేదీ మంచే, ఎక్కడో కొండల మీద గుట్టలుగా పేరుకునేదీ మంచే. అందరూ ఒకే పొయ్యి మీద వండుకు తింటారు. ఇంగ్లీషులో అలా కాదు, ఎవరి కాపురం వాళ్ళదే. తర్జుమా చేసినాయన వెళ్ళి తప్పు తలుపు తట్టాడు. దాంతో రావులదిన్నె బైపాసు మీద స్నో పడిందని ప్రభుత్వానికి తెలిసింది.

ప్రభుత్వం ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ మంచు కురిసే జిల్లా ఒకటి చేతిలో ఉండి కూడా పట్టించుకోలేదే అని నొచ్చుకుంది. అధ్యయనం కోసం ఒక బృందాన్ని చలి దేశానికి పంపింది. వాళ్ళు సకుటుంబంగా వెళ్ళి, మంచులో నిలబడి ఫోటోలు దిగి, ఉన్ని టోపీలతో తిరిగొచ్చి, అక్కడ చలికాలం రాగానే కార్లకు చలికాలం టైర్లు వేస్తారని కనిపెట్టారు. ఉత్తర్వు తయారైంది. హిమ ప్రభావిత ప్రాంతాల్లో చిన్న కార్లన్నీ చలికాలం టైర్లూ, వాటికి తగిన చక్రాలూ బిగించుకోవాలి. చిన్న కార్లే ఎందుకంటే నివేదికలో ఉన్నది చిన్న కారు. లారీలకు ఈ ఉత్తర్వు వర్తించదు. పెద్ద కార్లకైతే బొత్తిగా వర్తించదు.

ఫైలు ఇన్ని బల్లలు దాటి వచ్చేసరికి వైశాఖం వచ్చింది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. చలికాలం మొదలైందని ప్రకటించే అధికారం జిల్లాకు ఇచ్చారు కానీ అయిపోయిందని ప్రకటించే అధికారం ఇవ్వలేదు.

ఇదంతా హైమావతికి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం ఆసుపత్రికి వెళ్ళే దారిలో కొత్తగా చెక్‌పోస్టు వెలిసిందనే.

హైమావతి నడివయసు దాటాక కారు నడపడం నేర్చుకుంది. భర్త సత్యమోహన్ సహకార బ్యాంకులో ఉద్యోగి. ఆయనకు స్టీరింగు పట్టుకుంటే చెమటలు పడతాయి, అందుకని పక్కన కూర్చుని బ్రేకు వేయమని చెబుతుంటాడు. ఇప్పుడు ఆ పక్క సీటు ఆయన తల్లి సీతారావమ్మది. ఆమెకు మోకాలి కీలు మార్చే ఆపరేషను అయింది. గండం గడిచింది కానీ అసలు పని ఇప్పుడే మొదలైందన్నాడు డాక్టరు. రోజు విడిచి రోజు ఫిజియోథెరపీకి తీసుకురావాలి, ఈ మొదటి వారాల్లో వంచితే వంగినట్టు, లేకపోతే ఆ కాలు కర్రలా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరేం చేయలేరు అన్నాడు. ఒకసారి ఆటో ఎక్కించి చూశారు. మొదటి గతుకుకే ఆమె కేకకు ఆటో అతను బండి ఆపి దండం పెట్టాడు. కనుక కారే గతి.

చెక్‌పోస్టు దగ్గర నీలం బోర్డు మీద తెల్లటి పువ్వులాంటిది గీసి, కింద "మీరు హిమ ప్రభావిత ప్రాంతంలో ప్రవేశించుచున్నారు" అని రాశారు. బోర్డు కింద షామియానా, షామియానా కింద కూలరు, కూలరు ముందు ఉన్ని టోపీ పెట్టుకున్న హిమ భద్రతాధికారి నిశ్శంకరరావు. టోపీలోంచి చెమట ధారగా కారుతోంది. యూనిఫాంలో టోపీ భాగమనీ, చలికాలం ముగిసినట్టు ఉత్తర్వు వచ్చేదాకా తీయడానికి వీల్లేదనీ ఆయనే తర్వాత ఎవరితోనో చెప్పుకుని బాధపడ్డాడట.

ఆయన కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. టైరును వేలితో పొడిచాడు.

"ఇవి వేసవి టైర్లు మేడం. మంచులో జారును. ప్రజల ప్రాణములకు శాఖ బాధ్యత వహిస్తున్నది."

"మంచు ఏది సార్?" అంది హైమావతి.

"మంచు ఉన్నదా లేదా అన్నది మా పరిధిలోకి రాదు. ప్రాంతం ప్రకటింపబడినది."

అత్తగారి కాలు చూపించి చెప్పింది. ఆపరేషను కాగితాలు తీసింది. నిశ్శంకరరావు నిజంగానే బాధపడ్డాడు. తన తల్లికి కూడా మోకాళ్ళ నొప్పులేనన్నాడు. అయినా మంచుకు మోకాళ్ళు తెలియవన్నాడు. సీతారావమ్మ అద్దం దించి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "హైమా, అబ్బాయికి మజ్జిగ ఇవ్వు. ఎండ దెబ్బ తగిలినట్టుంది" అంది. కారు వెనక్కి తిప్పుకు వచ్చేశారు. ఆ రోజు మోకాలు వంగలేదు.

సత్యమోహన్ మాత్రం ఆ సాయంత్రం పేపరు చదువుతూ చాలా గర్వపడ్డాడు. మన ఊరు అంతర్జాతీయ ప్రమాణాలు అందుకుంటోందన్నాడు. అభివృద్ధి చెందిన దేశాల్లో ప్రతి ఇంటికీ రెండు జతల టైర్లుంటాయట. ఆయన బ్యాంకు మేనేజరు అప్పుడే బిగించేసి, కారును వరండాలో పెట్టుకుని, వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడట. "ఏమండీ, కారు వరండాలో పెట్టుకోవడానికి కాదు, మీ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి" అని హైమావతి అంటే, రెండూ చేసుకోవచ్చు కదా అన్నాడు.

మర్నాడు ఆమె మస్తాన్ వలి కొట్టుకు వెళ్ళింది. నిన్నమొన్నటిదాకా ట్రాక్టరు టైర్లకు పంచర్లు వేసుకునేవాడు. ఇప్పుడు కొట్టు ముందు దూది అతికించిన అట్టముక్కల కొండలు పెట్టి, మధ్యలో టైర్లు పేర్చాడు. చీరల కొట్టులో కూర్చోబెట్టినట్టు హైమావతిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క టైరూ దొర్లించుకొచ్చి ముందు పడేశాడు.

రెండు రకాలున్నాయట. ఒకటి మెత్తటి రబ్బరుది, మంచులో గడ్డకట్టదు. రెండోదానికి నిండా ఇనుప మేకులుంటాయి, మంచును కరిచి పట్టుకుంటుంది. మేకులది తీసుకుంటే రోడ్డు పాడవుతోందని రోడ్ల శాఖ జరిమానా వేస్తుంది. మెత్తటిది తీసుకుంటే రోడ్డుకు ఇబ్బంది లేదు, టైరుకే ఇబ్బంది.

"ఈ ఎండకు కరగదా ఇది?" అని అడిగింది.

"కరుగుద్ది అక్కా. అందుకే చలికాలంలో ఎండలో తిప్పొద్దని రాశారు చూడు" అని మస్తాన్ వలి లేబులు చూపించాడు.

పాత చక్రాలు సరిపోవన్నాడు. మంచును చీల్చుకుపోవాలంటే టైరు సన్నగా ఉండాలి. సన్నటి టైరుకు చక్రం చిన్నదవ్వాలి. ఆ చక్రం కూడా మెరిసే అల్లాయ్‌ది కాకుండా మామూలు ఇనుపదై ఉండాలి, ఎందుకంటే మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఉప్పుకు అల్లాయ్ పాడవుతుంది. ఉప్పు ఎవరు చల్లుతారని అడిగితే అది వేరే శాఖన్నాడు. వాళ్ళ ఉత్తర్వు ఇంకా రాలేదట.

హైమావతి వంకాయలు ఏరినట్టు నాలుగు టైర్లు ఏరింది. మేకులు లేనివే. ఇనుప చక్రాలే. నొక్కి చూస్తే ఒకటి మరీ మెత్తగా ఉందని మార్చమంది. అన్నీ అంతే మెత్తన అక్కా, పొద్దున్నించీ ఎండలో ఉన్నాయిగా అన్నాడతను. బేరం చేసింది కూడా. బేరం చేస్తున్నంతసేపూ తను ఏం కొంటోందో మర్చిపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చి కాసేపు వంటింట్లో నిలబడిపోయింది.

కొత్త టైర్లతో కారు నడుస్తుంటే పనసకాయ తొనలు వలుస్తున్న చప్పుడు వచ్చేది. ఎక్కడైనా ఆపితే అక్కడే అంటుకునేది. కదిలించినప్పుడు రోడ్డు కొంత కారుతో వచ్చేది, టైరు కొంత రోడ్డుతో ఉండిపోయేది. వీధి వీధంతా కాలిన రబ్బరు వాసన. విడిచేసిన చక్రాలు సీతారావమ్మ మంచం కింద చేరాయి. ఆమె వాటివంక చూసి, నా పాత కీలు కూడా ఇట్టాగే మంచం కింద పెట్టకపోయారా అంది.

అయినా చెక్‌పోస్టు దాటనివ్వలేదు. టైర్లున్నాయి సరే, అవి మంచు మీద నిలుస్తాయన్న రుజువేదని అడిగాడు నిశ్శంకరరావు. హిమ యోగ్యతా పరీక్ష నెగ్గి పత్రం తెచ్చుకోవాలి. పరీక్ష మిర్చి యార్డులో.

మిర్చి యార్డులో మంచు ఎక్కడిదంటే, శాఖ ఊళ్ళో ఉన్న ఐసు ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంది. దిమ్మలు తెచ్చి, కూలీల చేత సమ్మెటలతో పగలగొట్టించి, యార్డు మధ్యలో పరుస్తారు. ఆ ఐసు మీద కారు వెళ్ళి, బ్రేకు వేసి, జారకుండా నిలబడాలి. ఆ వారం రావులదిన్నెలో సోడా కొట్లు మూతపడ్డాయి. పెళ్ళివారు కూల్‌డ్రింకులు వేడిగానే పోశారు. ఇంట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టే ఐసు చాలదని, వాచిన మోకాలి మీద పెట్టడానికి ఒక గడ్డ కావాలని హైమావతి ఫ్యాక్టరీకి వెళితే, ప్రజల భద్రత కోసం కేటాయించిన మంచు ప్రజలకు ఇవ్వడం కుదరదన్నారు.

ఈలోపు వెళ్ళాల్సిన రోజులు చాలానే జారిపోయాయి. ఇంట్లో హైమావతే కాలు పట్టుకుని వంచబోయేది. నొప్పికి అత్తగారు పళ్ళు బిగబట్టేది, ఈమె చేతులు ఆగిపోయేవి. డాక్టరు ఫోనులో కోప్పడ్డాడు. ఇలాగే ఉంటే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందని, ఈ వయసులో మళ్ళీ మత్తంటే తను మాట ఇవ్వలేననీ అన్నాడు. ఆ మాట హైమావతి ఎవరికీ చెప్పలేదు. కానీ సీతారావమ్మ కోడలి ముఖం చూసింది.

"ఏందంటా?" అంది.

"ఏం లేదత్తయ్యా. త్వరగా రమ్మంటున్నాడు."

"నన్ను ఎత్తుకు పొయ్యేవాళ్ళు కావాలిగాని, నాకు తొందరే" అని గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారు ఎవరినీ దెప్పకుండా గోడవైపు తిరగడం హైమావతి తన కాపురంలో చూడడం అదే మొదటిసారి.

పరీక్ష రోజున తెల్లారకుండానే యార్డు గేటు ముందు చిన్న కార్లు బారులు తీరాయి. కానీ పరీక్షకు ముందు ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి. ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. నిశ్శంకరరావు మైకు ముందుకు వచ్చి, హిమమునకు కుల మత ప్రాంత భేదములు లేవనీ, అది ఎక్కడైనను ఎప్పుడైనను కురియవచ్చుననీ, కురియని చోట్ల కూడా సంసిద్ధతయే పాలనకు గీటురాయి అనీ చెప్పాడు. ఆయన చెబుతుండగానే ఐసు కరిగి, నేల మీది మిరప ఘాటును కడుక్కుంటూ, ఎర్రటి కాలువై గేటు బయటికి పారింది. మొదటి వరసలో వాళ్ళంతా తుమ్ముతున్నారు. వాటిని చలి తుమ్ములుగా ఫోటోగ్రాఫరు ఫోటో తీసుకున్నాడు.

హైమావతి వంతు వచ్చేటప్పటికి తడి కూడా లేదు. ఆమె పొడినేల మీద కారు నడిపి బ్రేకు వేసింది. మెత్తటి టైర్లు అక్కడికక్కడ అతుక్కుపోయాయి. అంత గట్టిగా నిలబడిన కారు ఆ యార్డులో మరొకటి లేదు. అయినా నిశ్శంకరరావు పత్రం ఇవ్వలేదు. "పరీక్షా సమయమున మంచు లేనందున యోగ్యత నిర్ధారించుటకు వీలు కాలేదు" అని రాసిచ్చాడు.

"మంచు లేదని మీరే రాశారు కదండీ. మరి ఈ టైర్లెందుకు?"

"మంచు లేదని రాయలేదు మేడం. పరీక్షా సమయమున లేదని రాశాను. అనగా మిగతా సమయములందు ఉన్నట్లే గదా."

ఆమె కారును యార్డు నేల మీదనుంచి ఊడదీసుకుని ఇంటికొచ్చింది.

మంచు లేక పరీక్షలు ఆగిపోయాయన్న మాట పైకి చేరింది. ఈసారి తర్జుమా తప్పు పోలేదు. రావులదిన్నెలో స్నో లేదని రాజధానికి స్పష్టంగా అర్థమైంది. సంతోషించాల్సిన విషయమేమో అని మనబోటివాళ్ళు అనుకుంటాం. అక్కడ అలా అనుకోలేదు. మంచు ఉండాల్సిన చోట లేకపోవడం ప్రకృతి వైపరీత్యమన్నారు. రావులదిన్నెను మంచు కరువు మండలంగా ప్రకటించారు. పరిశీలనకు వచ్చిన బృందం ఎండిన రోడ్లను చూసి చలించిపోయింది. సహజ మంచు తిరిగి నెలకొనేంతవరకు ప్రతి చిన్న కారూ తనకు కావలసిన మంచును తానే వెంట తీసుకుని పోవాలనీ, అలా తీసుకుపోయే కార్లకు పత్రం లేకున్నా తాత్కాలికంగా దారి ఇవ్వాలనీ, ఐసు ఫ్యాక్టరీ అలాంటి కార్లకు రోజుకొక దిమ్మ చొప్పున సరఫరా చేయాలనీ ఉత్తర్వు వచ్చింది.

సత్యమోహన్ పేపరు పక్కన పెట్టి, ఇదేదో కొంచెం అతిగా ఉన్నట్టుందే అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన ప్రభుత్వాన్ని విమర్శించడం అదే మొదలు. హైమావతి మాత్రం ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివి, గోనెసంచీ వెతుక్కుంది.

మర్నాటినుంచి ఆమె ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజుల్లో ఉదయమే ఫ్యాక్టరీకి వెళ్ళేది. ఊకలో పొర్లించిన ఐసు దిమ్మ గోనెలో చుట్టి డిక్కీలో పెట్టేవారు. చెక్‌పోస్టులో నిశ్శంకరరావు డిక్కీ తెరిపించి, మంచును తాకి చూసి, "ఉన్నది" అని రాసుకుని పంపించేవాడు. ఆసుపత్రిలో కాలు వంచేవాళ్ళు వంచేవారు. అదయ్యాక హైమావతి దిమ్మలోంచి ఒక ముక్క పగలగొట్టి, తువ్వాల్లో చుట్టి, వాచిన మోకాలి మీద పెట్టేది. వాపు తగ్గింది. వాపు తగ్గితే ఆ తర్వాతిసారి మరికొంచెం వంగేది. మళ్ళీ ముక్క పెట్టేది. మంచు కురవని ఊళ్ళో మంచు వల్ల బాగుపడిన కాలు ఏదైనా ఉంటే అది సీతారావమ్మదే.

అయితే ఎండలు ఇంకా ముదిరాయి. ఒకనాడు ఫ్యాక్టరీలో కరెంటు పోయి చిన్న ముక్కే దొరికింది. కాలు పొద్దున్నుంచీ సలుపుతోందని దారిలోనే సీతారావమ్మ ఆ ముక్క అడిగి తీసుకుని మోకాలికి కట్టుకుంది. చెక్‌పోస్టు చేరేసరికి డిక్కీలో తడి గోనె మిగిలింది.

"మంచు ఏది మేడం?" అన్నాడు నిశ్శంకరరావు.

"మా అత్తగారి మోకాలి మీద ఉంది."

ఆయన వంగి చూశాడు. తువ్వాలు తడిసి ఉంది, అందులో ఏమీ లేదు. మోకాలు వాహనంలో భాగం కాదనీ, పైగా అక్కడ కూడా మంచు లేదనీ, మంచు లేని కారు మంచు ప్రాంతంలో ప్రవేశించడం ప్రమాదకరమనీ చెప్పాడు. హైమావతి ఆసుపత్రి గేటు చూపించింది. చెక్‌పోస్టు దాటి కొంచెం ముందుకెళితే అదే. వేపచెట్టు కింద స్ట్రెచరు మీద కూర్చుని వార్డుబాయి బీడీ కాల్చుకోవడం కూడా కనిపిస్తోంది. ఈ రోజు తప్పితే మళ్ళీ కాలు బిగుసుకుంటుందంది. నిశ్శంకరరావు టోపీ సర్దుకుని, కారు పోవుటకు అనుమతి లేదన్నాడు.

కారు తలుపు తెరుచుకుంది. సీతారావమ్మ మంచి కాలు ముందు కింద పెట్టి, తర్వాత రెండోది పెట్టి, తలుపు పట్టుకుని లేచి నిలబడింది.

"అత్తయ్యా, ఆగండి."

"కారు పోకూడదన్నాడు గానీ, నన్ను పోవద్దనలేదుగా. ఆ కర్ర ఇటు తే."

హైమావతి కర్ర అందించి పక్కనే నడిచింది. పట్టుకోబోతే అత్తగారు మోచేత్తో నెట్టేసింది. ఆ ఎండలో ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ నీలం బోర్డు దాటింది. అడ్డుగా ఉన్న వెదురుగడ పక్కనుంచి వెళ్ళింది. ఇన్ని రోజులుగా బారులు తీరి నిలబడ్డ చిన్న కార్లవాళ్ళు హారను కొట్టడం ఆపి చూస్తున్నారు.

నిశ్శంకరరావు గబగబా ఉత్తర్వు పేజీలు తిరగేశాడు. చిన్న కార్ల గురించి ఉంది. నడిచేవాళ్ళ గురించి ఎక్కడా లేదు. అంత పెద్ద లోటు తన కళ్ళముందే నడిచిపోతుంటే ఊరుకోవడం బాధ్యతారాహిత్యం అనిపించింది కాబోలు, షామియానాలోంచి బయటికి పరుగెత్తి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ముఖం చూశాడు. కర్ర చూశాడు. అక్కడినుంచి చూపు కిందికి దిగి, ఆమె కాళ్ళకున్న అరిగిపోయిన హవాయి చెప్పుల మీద ఆగింది. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇవి ఏ కాలం చెప్పులమ్మా?"

సీతారావమ్మ ఆయన్ని కాసేపు ఎంతో దయగా చూసింది.

"తీసి చూపించమంటావా నాయనా?"

అని, కర్ర కోడలి చేతికిచ్చి, చెప్పు కోసం వంగింది. మోకాలు పూర్తిగా వంగింది.